బ్యాచ్ విశేషాల సంచిక తీసుకురావడం ఎలా

అనంతపురంలోనూ, కర్నూలు, కడపల్లోనూ పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనాలు ఏటా జరుగుతున్నాయి. గురువులకు శాలువాలు కప్పి, గ్రూపు ఫొటో దిగి, భోజనాలు ముగించుకుని ఎవరి ఊరికి వారు తిరిగివెళ్తారు గానీ, ఇన్నేళ్ళలో ఎవరు ఏ దారిన నడిచి ఎక్కడికి చేరారో కాగితం మీద పెట్టినవారు అరుదు. వాట్సాప్ గ్రూపులో ఎవరైనా తమ పదోన్నతి సంగతి చెప్పినా, పండుగ శుభాకాంక్షల మధ్య అది వారం తిరగకుండానే మరుగున పడిపోతుంది. ఈ వివరాలను సేకరించి, సరిచూసి, ఏడాదికి ఒక్కసారైనా చిన్న సంచికగా వేయడం ప్రతి బ్యాచ్ చేయవలసిన పని అనీ, చేయగలిగిన పని అనీ నా గట్టి నమ్మకం. ఆ బాధ్యతను నెత్తికెత్తుకున్నవారి కోసం ఈ పద్ధతిని వివరిస్తున్నాను.

ముందుగా ఒక విషయం మనసులో పెట్టుకోవాలి. ఈ సంచికను చదివేది మన తోటివారు మాత్రమే కాదు. ఒకప్పుడు మనం ఉన్న హాస్టల్లోనే ఇప్పుడు ఉంటూ, తమ ఇంట్లో మొట్టమొదటిసారిగా విశ్వవిద్యాలయం గడప తొక్కిన విద్యార్థులు కూడా చదువుతారు. ఫలానా సీనియర్ ఇప్పుడు జాయింట్ డైరెక్టర్ అని తెలిసినంత మాత్రాన ఆ విద్యార్థికి ఒరిగేదేమీ లేదు. రాయదుర్గం పక్క పల్లె నుంచి వచ్చిన ఆ మనిషి, పీజీ తర్వాత ఎక్కడ పాఠాలు చెప్పి పూట గడుపుకున్నాడో, ఏ పరీక్ష రాశాడో, ఎన్నోసారికి గట్టెక్కాడో తెలిస్తే మాత్రం ఆ విద్యార్థి తన దారిని తాను లెక్కవేసుకోగలుగుతాడు. అందువల్ల చేరిన పదవితో పాటు నడిచిన దారిని కూడా రాయాలన్నది ఈ పని మొత్తానికి ఆధారం కావాలి.

పేర్ల పట్టిక

సేకరణకు పూనుకునే ముందు పూర్తి పట్టిక కావాలి. గ్రూపులో ఉన్నవారి పేర్లతో మొదలుపెడితే గ్రూపులో లేనివారు శాశ్వతంగా లేకుండాపోతారు. అందుకని శాఖా కార్యాలయంలోని అడ్మిషన్ రిజిస్టరు, పరీక్షల విభాగంలోని నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవారి జాబితాలు), వీడ్కోలు సభనాటి ఫొటో, ఈ మూడింటినీ ఎదురెదురుగా పెట్టుకుని పట్టిక రాయాలి. వీటిని చూసేందుకు అనుమతి కోరుతూ శాఖాధిపతికి లేఖ ఇచ్చి, పట్టిక ప్రతి ఒకదాన్ని శాఖకు కూడా అందజేస్తామని రాస్తే సాధారణంగా కాదనరు.

చదువు మధ్యలో ఆపేసినవారిని పట్టికలోంచి తీసేయకూడదు. అనంతపురం ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల 1916లో ఏర్పడింది. అక్కడ చదివిన నీలం సంజీవరెడ్డి 1931లో చదువు వదిలి స్వాతంత్ర్యోద్యమంలోకి వెళ్ళారు, తర్వాత రాష్ట్రపతి అయ్యారు. ఆయనను ఆ కళాశాల పూర్వ విద్యార్థిగా అందరూ గర్వంగా చెప్పుకుంటారు. మరి ఇంటి పరిస్థితి బాగాలేక మొదటి ఏడాదిలోనే టీసీ తీసుకుని వెళ్ళిపోయిన మన సహాధ్యాయి మనవాడు కాకుండా ఎలా పోతాడు? అదే కళాశాలలో సంజీవరెడ్డి పక్క బెంచీల్లో కూర్చున్నవారి జీవితాలు ఏమయ్యాయో ఇవాళ మనకు తెలియదు. అప్పట్లో ఎవరైనా రాసిపెట్టి ఉంటే ఈ జిల్లాల సామాజిక చరిత్రకు అది ఎంత విలువైన ఆధారమయ్యేదో ఊహించవచ్చు.

సంస్థల పేర్లు కూడా ఈ పట్టికలో తికమక పెడతాయి. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం 1981లో ఏర్పడింది. అంతకుముందు అది తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి (ఎస్వీయూ) పీజీ కేంద్రం. అందుచేత తొలి బ్యాచ్‌ల వారు అనంతపురంలో చదివినా వారి పట్టా మీద తిరుపతి విశ్వవిద్యాలయం పేరే ఉంటుంది. కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం 2006లో వచ్చింది. అంతకుముందు అదే చోట ఎస్వీయూ పీజీ కేంద్రంలో చదివినవారు తమను ఎస్వీయూ వారిగా చెప్పుకోవడంలో తప్పేమీ లేదు. కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడకముందు అక్కడ ఉన్నది శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయ పీజీ కేంద్రం. అనంతపురం ఇంజనీరింగ్ కళాశాల 1972లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమైన జేఎన్‌టీయూలో భాగమై, 2008 నుంచి జేఎన్‌టీయూ అనంతపురం అయింది. కాబట్టి ప్రతి పేరు ఎదుటా చదివిన ప్రాంగణం, పట్టా ఇచ్చిన విశ్వవిద్యాలయం, చేరిన సంవత్సరం, ముగించిన సంవత్సరం విడివిడిగా ఉండాలి. ‘93 బ్యాచ్’ అని రాస్తే అది చేరిన ఏడాదో వెళ్ళిన ఏడాదో పదేళ్ళ తర్వాత చదివేవారికి అర్థం కాదు. ‘1991–93’ అని రాస్తే ఏ సందేహమూ ఉండదు.

సొంతూరు రాసేటప్పుడు 2022 ఏప్రిల్ నాటి జిల్లాల విభజనను గుర్తుంచుకోవాలి. హిందూపురం, ధర్మవరం, కదిరి ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోనూ, డోన్, ఆళ్ళగడ్డ నంద్యాల జిల్లాలోనూ ఉన్నాయి. చదువుకున్న రోజుల్లో తమది అనంతపురం జిల్లా అని చెప్పుకున్నవారికి ఇప్పటి జిల్లా పేరు పరాయిగా తోచవచ్చు కనుక ఊరు, మండలం రాసి జిల్లాను వదిలేయడం మేలు.

పేర్ల విషయంలో మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఒకే బ్యాచ్‌లో ఇద్దరు ఓబులేసులు, ముగ్గురు నాగరాజులు, ఇద్దరు మహబూబ్ బాషాలు ఉండటం ఇక్కడ మామూలే. హాస్టల్లో వారిని గుత్తి నాగరాజు, తాడిపత్రి నాగరాజు అని ఊరి పేరుతోనే పిలుచుకున్నాం. ఆ పిలుపు పేరును పట్టికలో పక్కనే రాసుకోవాలి. ఎందుకంటే సమాచారం చెప్పేవారికి ఇంటిపేరు గుర్తుండదు, ఊరి పేరే గుర్తుంటుంది. ఇంటిపేరు పొడి అక్షరాలతో సరిపెట్టకుండా పూర్తిగా రాయడం కూడా అంతే అవసరం.

అడగడం

విశేషాలు సేకరించడానికి సంక్రాంతి సెలవులకు మించిన అదను లేదు. బెంగళూరు, హైదరాబాదుల్లో ఉన్నవారు ఊరికి వస్తారు, మాట్లాడే తీరిక ఉంటుంది. ఉగాదికి సంచిక వేయాలనుకుంటే జనవరిలో సేకరించి ఫిబ్రవరిలో సరిచూసుకోవచ్చు. కడప ప్రాంతం నుంచి కువైట్ వెళ్ళినవారికి అక్కడి శుక్రవారం సెలవు రోజు. అక్కడి సమయం మనకంటే రెండున్నర గంటలు వెనక ఉంటుంది కనుక మన మధ్యాహ్నం పూట ఫోన్ చేస్తే వారికి వీలుగా ఉంటుంది.

ఆన్‌లైన్ ఫారం తయారుచేసి గ్రూపులో పెడితే పని అయిపోతుందని చాలామంది అనుకుంటారు. చిన్న వయసువారు దాన్ని నింపుతారు. యాభై దాటినవారిలో ఎక్కువమంది నింపరు. నింపినవారు కూడా హోదా, సంస్థ పేరు రాసి ఊరుకుంటారు. నడిచిన దారి ఫారంలోకి రాదు, మాటల్లోనే వస్తుంది. అందుకని ఒక్కొక్కరికి పదేసి పేర్ల చొప్పున బ్యాచ్‌లో నలుగురైదుగురు పంచుకుని ఫోన్లు చేయాలి. ఎవరితో ఎవరికి చనువు ఉందో చూసి పంచుకుంటే సగం పని తేలికవుతుంది. ఒకే గదిలో ఉన్నవారు, మెస్‌లో ఒకే బల్ల దగ్గర కూర్చున్నవారు, ఒకే ఊరి బస్సెక్కినవారు ఒకరినొకరు అడిగితే వచ్చే జవాబు వేరుగా ఉంటుంది.

ఉన్నత పదవుల్లో ఉన్నవారి నుంచి సమాచారం రాబట్టడం కష్టం కాదు. కష్టమంతా ‘నాకు చెప్పుకోవడానికేముంది’ అనుకునేవారి దగ్గరే. ‘ఇప్పుడేం చేస్తున్నావు’ అని అడిగితే, ‘మనదేముందిలే అన్నా, ఏదో ఇట్లా గడిచిపోతాంది’ అన్న మాట దగ్గరే సంభాషణ ఆగిపోతుంది. ఆ మాటను జవాబుగా తీసుకుని ఫోన్ పెట్టేయకూడదు. హోదా అడగడం మాని, పని గురించి అడగాలి. పొద్దున లేచాక ఏ పనితో రోజు మొదలవుతుంది, ఈ పనిలోకి ఏ సంవత్సరంలో వచ్చావు, అంతకుముందు ఏం చేశావు, మన దగ్గర చదివినదాంట్లో ఏది అక్కరకొచ్చింది, ఇప్పుడు చదువుతున్న పిల్లలు ఈ పనిలోకి రావాలంటే ఏం చేయాలి అని ఒక్కొక్కటిగా అడిగితే మనిషి తెరుచుకుంటాడు.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. రసాయనశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసిన వ్యక్తి ఉరవకొండలో ఎరువుల దుకాణం నడుపుతున్నాడు. అధ్యాపకుడు కాలేకపోయానన్న బాధతో ఆయన ఏ సమ్మేళనానికీ రాడు. కానీ రైతు దుకాణానికి వచ్చి, పక్క పొలంవాడు కొట్టిన మందే తనకూ కావాలని అడిగినప్పుడు, తెచ్చిన ఆకును తిప్పి చూసి, డబ్బా మీది చిన్న అక్షరాలను చదివి, ఈ రెండు మందులూ కలిపి కొట్టకూడదని, ట్యాంకుకు ఇన్ని మిల్లీలీటర్లకు మించవద్దని ఆయన చెబుతాడు. దుకాణం నడిపే అందరూ చెప్పగలిగిన మాట కాదది. అది ఆయన చదువు చేస్తున్న పని. ఈ సంగతి అడిగితేనే బయటికి వస్తుంది, రాస్తేనే నిలుస్తుంది. చీనీ (బత్తాయి) తోట చూసుకుంటున్న ఎమ్మే పట్టభద్రుడి గురించీ, వేరుశనగ పంట పోయిన ఏడాది చదువు ఆపేసి ఇల్లు నిలబెట్టిన మిత్రుడి గురించీ ఇదే శ్రద్ధతో రాయాలి. సంచికలో వారికి దక్కే చోటు పెద్ద ఉద్యోగికి దక్కే చోటుకంటే ఒక్క గీత కూడా తక్కువ కాకూడదు.

స్త్రీల విశేషాలు

మన పట్టికల్లో ఆచూకీ దొరకని పేర్లను లెక్క చూస్తే స్త్రీలవే ఎక్కువగా ఉంటాయి. పెళ్ళితో ఇంటిపేరు మారుతుంది, ఊరు మారుతుంది. పాత తరం వారిలో చాలామందికి ఫోన్ నంబరు భర్త పేరు మీదనో కుమారుడి పేరు మీదనో ఉంటుంది. మగవారు ఫోన్ చేసి ‘మీ శ్రీమతి మా బ్యాచ్‌మేట్’ అని అడగడం రెండు వైపులా ఇబ్బంది కలిగిస్తుంది. ఈ పనిని బ్యాచ్‌లోని స్త్రీలకే, అదీ లేడీస్ హాస్టల్లో ఉన్నవారికి అప్పగించాలి. ఒకరు దొరికితే ఆమె ద్వారా మరో ముగ్గురు దొరుకుతారు.

రాసేటప్పుడు చదివిన నాటి ఇంటిపేరును ముందు ఉంచి, ఇప్పటి ఇంటిపేరును దాని తర్వాత ఇవ్వాలి. అయితే ఏ పేరుతో కనిపించాలన్నది ఆమె ఇష్టం. భర్త హోదానో, పిల్లల అమెరికా ఉద్యోగాలనో ఆమె విశేషంగా రాసి పంపితే, ఆమె గురించి మరికాస్త చెప్పమని మళ్ళీ అడగాలి. ఇంటి బాధ్యతలు చూసుకుంటూనే చుట్టుపక్కల పిల్లలకు లెక్కలు చెప్పినవారు, పెద్దలను మంచాన ఉన్నన్నాళ్ళూ సాకినవారు, నలభయ్యేళ్ళ తర్వాత బీఎడ్ చేసి ఉద్యోగంలోకి వచ్చినవారు మన మధ్యనే ఉన్నారు. ఉద్యోగానికి దూరమైన సంవత్సరాలను ఖాళీ సంవత్సరాలుగా చూపవద్దు. ఆ సంవత్సరాల్లో ఏం చేశారో ఆమె చెప్పదలచుకుంటే, ఆమె మాటల్లోనే రాయాలి.

రాయడం

చేతికొచ్చే సమాచారం చాలాసార్లు ఇలా ఉంటుంది: ‘నమస్తే అన్నా, దేవుని దయ వల్ల హెచ్ఎం ప్రమోషన్ వచ్చింది. పాపకు కూడా సీటొచ్చింది. అందరి ఆశీస్సులు కావాలి.’ ఇందులో ఆనందం ఉంది, సమాచారం లేదు. తిరిగి ఫోన్ చేసి మాట్లాడాక అదే విశేషం ఈ నమూనాలో ఉన్నట్టుగా తయారుకావాలి:

‘1991–93, తెలుగు ఎమ్మే. సొంతూరు కళ్యాణదుర్గం దగ్గరి పల్లె. పీజీ తర్వాత అనంతపురంలో ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో బోధిస్తూ తెలుగు పండిత శిక్షణ పూర్తిచేశారు. మొదటి డీఎస్సీలో కొద్ది మార్కులతో ఉద్యోగం తప్పింది. రెండోసారి రాసి 2001లో గ్రేడ్-2 తెలుగు పండితులుగా చేరారు. స్కూల్ అసిస్టెంటుగా పదోన్నతి పొంది మూడు మండలాల్లో పనిచేశారు. గత జూన్ నుంచి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయులు. కుమార్తె దంతవైద్యం చదువుతున్నారు. తెలుగు ఎమ్మే చేస్తున్నవారు పండిత శిక్షణను, నెట్ పరీక్షను రెండింటినీ దృష్టిలో పెట్టుకోవాలని వీరి సలహా.’

ఈ నమూనాలో విశేషణాలు లేవు. ‘అంచెలంచెలుగా ఎదిగిన’, ‘నిరంతర కృషీవలుడు’, ‘మృదుస్వభావి’ వంటి మాటలు సన్మాన పత్రంలో బాగుంటాయి. సంచికలో అవి అందరికీ ఒకేలా అంటుకుని ఎవరి గురించీ ఏమీ చెప్పకుండాపోతాయి. సంవత్సరం, ఊరు, చేసిన పని, ఓడిన పరీక్ష, గెలిచిన పరీక్ష ఉంటే చాలు. ఓడిన పరీక్షను రాయడానికి ఒప్పించడం తేలిక కాదు గానీ, గ్రూప్-2 కోసం హైదరాబాదు అశోక్‌నగర్‌లో గది అద్దెకు తీసుకున్న నేటి విద్యార్థికి అన్నింటికంటే ధైర్యమిచ్చేది ఆ ఒక్క వాక్యమే. ఒప్పుకోకపోతే మాత్రం బలవంతం చేయవద్దు.

పిల్లల విశేషాలకు హద్దు ఉండాలి. హద్దు పెట్టకపోతే నీట్ ర్యాంకులతో, వీసాలతో, పెళ్ళి కబుర్లతో సంచిక నిండిపోయి బ్యాచ్ కనిపించకుండాపోతుంది. ఒక్కొక్కరికి ఒక వాక్యం చాలును. మైనరు పిల్లల ఫొటోలు, బడి పేర్లు అసలు వేయకూడదు.

సరిచూడడం

అభిమానంతో చెప్పిన మాటల్లోనే తప్పులు ఎక్కువగా దొర్లుతాయి. మిత్రుడి పదోన్నతిని మరో మిత్రుడు ఒక మెట్టు పెంచి చెబుతాడు. అందువల్ల ప్రతి విశేషాన్నీ ఆ వ్యక్తి స్వయంగా చదివి ‘సరే’ అన్న తర్వాతే అచ్చుకు పంపాలి. కొన్ని చోట్ల మరింత జాగ్రత్త అవసరం.

ఉద్యోగ నియామకాల్లో మెయిన్స్‌కు అర్హత సాధించడం, తుది ఎంపిక జాబితాలో పేరు రావడం, నియామక పత్రం అందడం, విధుల్లో చేరడం వేర్వేరు దశలు. ఏ దశలో ఉన్నారో ఆ దశనే రాయాలి. ఇన్‌ఛార్జి బాధ్యతను రెగ్యులర్ పోస్టుగా రాయకూడదు. విశ్వవిద్యాలయాల్లో శాఖాధిపతి పదవి వంతులవారీగా వచ్చే బాధ్యతే కానీ పదోన్నతి కాదు. అసోసియేట్ ప్రొఫెసర్ నుంచి ప్రొఫెసర్ కావడం పదోన్నతి. అంతర్జాతీయ బ్యాంకుల్లో ‘వైస్ ప్రెసిడెంట్’ అన్నది వేలమందికి ఉండే ఒక గ్రేడు. దాన్ని ఉపాధ్యక్షుడని తెలుగులోకి మార్చితే సంస్థలో రెండో స్థానమన్న అర్థం వస్తుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో హోదాకంటే ఆ మనిషి దేని మీద పనిచేస్తున్నారో ఒక వాక్యంలో రాయడం చదివేవారికి ఉపయోగం.

పీహెచ్‌డీ విషయంలో సిద్ధాంత గ్రంథం సమర్పించిన రోజు, మౌఖిక పరీక్ష జరిగిన రోజు, విశ్వవిద్యాలయం పట్టా ప్రకటించిన రోజు, స్నాతకోత్సవంలో అందుకున్న రోజు నాలుగూ నాలుగు తేదీలు. విశ్వవిద్యాలయం ప్రకటన వెలువడిన తర్వాతే పేరు ముందు ‘డాక్టర్’ చేర్చాలి. డబ్బు తీసుకుని గౌరవ డాక్టరేట్లు పంచే సంస్థలు ఇటీవల పెరిగాయి. పట్టా ఇచ్చిన సంస్థకు గుర్తింపు ఉందో లేదో యూజీసీ వెబ్‌సైటులో చూసుకోవచ్చు, నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాను కూడా యూజీసీ ప్రకటిస్తుంది. గుర్తింపు లేని డాక్టరేటును మన సంచికలో వేస్తే, అయిదేళ్ళు ప్రయోగశాలలో గడిపి పట్టా సంపాదించిన పక్క పేజీ మిత్రుడికి అన్యాయం చేసినట్టే. ఆ మాట నొప్పించకుండా, ఫోన్లో, ఒక్కరికే చెప్పాలి.

పదవీ విరమణల జాబితాను పుట్టిన సంవత్సరం చూసి మనమే లెక్కకట్టడం ప్రమాదం. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వోద్యోగుల విరమణ వయసు 2014లో 58 నుంచి 60కి, 2022లో 62కి పెరిగింది. తెలంగాణలో 2021లో 61 అయింది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు, ప్రభుత్వ రంగ బ్యాంకుల వారికి 60. ఒకే ఏడాది పుట్టిన ముగ్గురు రూమ్మేట్లలో కర్నూలు జిల్లా పరిషత్‌లో ఉన్నవారు ఇంకా సర్వీసులో ఉండగా, మహబూబ్‌నగర్‌లో ఉన్నవారు, బ్యాంకులో ఉన్నవారు ముందే విరమించి ఉండవచ్చు. విరమణ గురించి రాసేటప్పుడు ‘ఆ తర్వాత ఏం చేస్తున్నారు’ అన్నదానికి ఎక్కువ చోటివ్వాలి.

మరణ వార్తను కుటుంబ సభ్యుల ద్వారా నిర్ధారించుకోకుండా ఎన్నడూ వేయకూడదు. ఒకే పేరున్న ఇద్దరిలో ఒకరికి బదులు మరొకరి పేరు పడితే ఆ నష్టాన్ని ఏ సవరణా పూడ్చలేదు. తేదీ, చేసిన పని, బ్యాచ్‌లో వారిని గుర్తుచేసే ఒక నిజమైన సంగతి రాస్తే సరిపోతుంది. మరణ కారణం రాయవద్దు. ఒకరికి ‘పరమపదించారు’, మరొకరికి ఇంకో మాట వాడటంకంటే అన్ని మతాల వారికీ ‘కన్నుమూశారు’ అన్న ఒక్క మాటే వాడాలి.

అనుమతి, భద్రత

వివరాలు తీసుకునేటప్పుడే అవి దేనికోసమో, ఎవరు చదువుతారో, అచ్చులో మాత్రమే వస్తాయా పీడీఎఫ్‌గా కూడా తిరుగుతాయా అన్నది స్పష్టంగా చెప్పి ఒప్పుదల తీసుకోవాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా సమ్మతిని, దాన్ని వెనక్కి తీసుకునే హక్కును ప్రధానంగా చెబుతుంది. ఎవరైనా తమ వివరాలు తీసేయమంటే కారణం అడగకుండా తీసేయాలి.

ఫోన్ నంబర్లు, ఇంటి చిరునామాలు, పుట్టిన తేదీలు సంచికలో ఉండకూడదు. ఫలానా నెలలో ఫలానావారు విరమించారన్న వార్త పక్కనే ఫోన్ నంబరు వేయడమంటే, చేతికి పెద్ద మొత్తం వచ్చిన మనిషి ఆచూకీని మోసగాళ్ళకు మనమే అందించడం. డిజిటల్ అరెస్టు పేరుతో బెదిరించి, మిత్రుడి ఫొటో పెట్టుకుని అత్యవసరంగా డబ్బు కావాలని సందేశాలు పంపి, విశ్రాంత ఉద్యోగులను దోచుకుంటున్న రోజులివి. నంబర్ల పట్టికను సంపాదక బృందంలో ఇద్దరి దగ్గరే ఉంచి, ఎవరైనా అడిగితే అవతలివారిని అడిగి ఇవ్వడం సురక్షితం.

ఎన్నికల్లో గెలిచినవారి పదవిని, తేదీని రాయవచ్చు. పార్టీ ప్రచారం మాత్రం ఒక్క వాక్యం కూడా వద్దు. మన జిల్లాల్లో బ్యాచ్ గ్రూపులు చీలిపోయిన సందర్భాల్లో ఎక్కువ భాగం దానివల్లే జరిగినవి. ప్రకటనలు తీసుకుంటే చివరి అట్ట మీదే వేయాలి, ప్రకటన ఇచ్చినవారి విశేషాన్ని పెద్దది చేయకూడదు.

అచ్చు

మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీల సంఖ్య నాలుగుతో భాగించబడాలి. పదహారు పేజీల్లో ఒక బ్యాచ్ విశేషాలు చక్కగా సర్దుకుంటాయి. వరుసను అకారాది క్రమంలో ఉంచితే ఎవరిని ముందు వేశారన్న మాట రాదు.

మనకు వాట్సాప్‌లో వచ్చిన రాత, ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ చదవగలిగే యూనికోడ్‌లో ఉంటుంది. మన ఊళ్ళ డీటీపీ సెంటర్లలో చాలాచోట్ల ఇప్పటికీ యూనికోడ్ కాని పాత పద్ధతి అను ఫాంట్లే వాడుతున్నారు. ఒకదాన్నుంచి మరొకదానిలోకి మార్చినప్పుడు ‘సాఫ్ట్‌వేర్’, ‘జేఎన్‌టీయూ’, ‘మహబూబ్‌నగర్’ వంటి మాటల్లో పొల్లు అక్షరాలు తర్వాతి అక్షరంతో కలిసిపోయి గుర్తుపట్టలేనట్టు తయారవుతాయి, కొన్నిసార్లు అంకెలు మాయమవుతాయి. అందుచేత ప్రూఫును తెర మీద కాకుండా కాగితం మీద తీయించుకుని, మొదటి విడతలో పేర్లు, సంవత్సరాలు మాత్రమే, రెండో విడతలో మిగతా వాక్యాలు చూడాలి. ఒకరు మూలాన్ని పైకి చదువుతుండగా మరొకరు ప్రూఫులో గీత గీసుకుంటూ పోవడం పాత పద్ధతే అయినా దానికి సాటి వచ్చేది లేదు. ఫొటోల కింద ఎడమ నుంచి కుడికి పేర్లు వరుసగా ఉండాలి. పేరు తెలియనివారు ఉంటే ఆ స్థానాన్ని ఖాళీగా ఉంచి, తెలిసినవారు చెప్పమని కోరాలి.

అచ్చయిన ప్రతుల్లో అయిదింటిని ముందే పక్కన పెట్టాలి: విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి ఒకటి, మన శాఖకు ఒకటి, హాస్టల్ రీడింగ్ రూముకు రెండు, విశ్వవిద్యాలయ అంతర్గత నాణ్యతా విభాగానికి ఒకటి. విశ్వవిద్యాలయాల నాణ్యతను లెక్కగట్టే జాతీయ సంస్థ న్యాక్ చేసే మదింపులో పూర్వ విద్యార్థుల భాగస్వామ్యం ఒక అంశంగా ఉంది కనుక ఆ విభాగం వారు దీన్ని సంతోషంగా తీసుకుంటారు. హాస్టల్‌కు ఇచ్చే ప్రతులను మాత్రం ఎవరి చేతో పంపకుండా, వీలైతే ఇద్దరు ముగ్గురు స్వయంగా వెళ్ళి ఇచ్చి, సాయంత్రం ఒక గంట పిల్లలతో కూర్చోవడం మంచిది. సంచికలో ఎవరి దారి గురించి ఎక్కువ ప్రశ్నలు వచ్చాయో గమనించి, ఆ వ్యక్తితో ఒకసారి ఫోన్లో మాట్లాడించవచ్చు.

సంచిక వెలువడిన నెలలోపు వచ్చిన దిద్దుబాట్లను రాసుకోవడానికి పట్టికలోనే ఒక గడి పెట్టుకోవాలి. వాటిని వచ్చే సంచిక రెండో పేజీలో, తప్పు పడిన పేరును పూర్తిగా ప్రస్తావిస్తూ వేయాలి. ఆచూకీ దొరకనివారి పేర్లను చివరి పేజీలో సొంతూరితో సహా అచ్చువేస్తే, ఆ ఊరివారెవరైనా చూసి కబురు చేస్తారు. రెండేళ్ళకోసారి సంపాదక బాధ్యతను మరొకరికి అప్పగించి, పట్టికను, ఒప్పుదల సందేశాలను, ఫొటోల మూలాలను ఒక పెన్‌డ్రైవ్‌లోనూ ఒక కాగితపు ఫైలులోనూ వారికి అందజేయాలి.